తొలిచెవి

మైనం పొంగి స్పిరిట్ దీపం మీద పడింది. మంట భగ్గున లేచింది. అతను చెయ్యి లాక్కున్నాడు కానీ, చూపు మాత్రం ఫోన్ మీదినుంచి లాక్కోలేకపోయాడు.

తెరమీద మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి. దొంగ బాణీ. సిగ్గులేని జనం. మేం ముందే అనుకున్నాం. ఆ ముందే అనుకున్నవాళ్ళంతా నిన్న సాయంత్రం దాకా ఈ పాట కోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసినవాళ్ళే.

"మాడిపోతోంది," అన్నాడు బల్ల అవతలినుంచి బాబాయి, తలెత్తకుండా.

అతను గిన్నె దించి, మంట తగ్గించి, కత్తికొనతో కొత్త మైనం ముక్క తీసుకున్నాడు. ముందున్న అచ్చుమీద ఎవరో పెద్దాయన పైచిగురు సగంలో ఆగిపోయి ఉంది. మధ్యాహ్నానికల్లా అందులో పళ్ళు నిలబెట్టాలి. చెయ్యి వణికితే ముందుపళ్ళు వంకర పోతాయి.

అది కట్టుడుపళ్ళు తయారుచేసే గది. కింద కళ్ళద్దాల షాపు, పైన ఇది. పళ్ళ డాక్టర్లు పేషెంట్ల నోటి కొలతలు, అంటే చిగుళ్ళ ముద్ర దిగిన ముద్దలు, పంపిస్తారు. బాబాయి వాటిలో ప్లాస్టర్ పోసి అచ్చులు తీస్తాడు. ఆ అచ్చులమీద అతను గులాబీరంగు మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు కూర్చుతాడు. చేసే పనినిబట్టి అందరూ అతన్ని మైనం అంటారు. ఇంటర్నెట్‌లోనూ అదే పేరు పెట్టుకున్నాడు. ఆ పేరుకి అక్కడున్న గౌరవం ఇక్కడ లేదు. ఇక్కడ అతను నెలాఖరుకి జీతం, పండక్కి చొక్కా, మిగతా రోజుల్లో ఓనరమ్మ సణుగుడు అందుకునే మామూలు మనిషి. అక్కడ మాత్రం మైనంగారు.

ఆ 'అక్కడ' పేరు తొలిచెవి. ఎవరికీ తెలియని గొంతుల్ని వెతికి పట్టుకుని, ఇది వినండి అని నలుగురికీ చూపించేవాళ్ళ గుంపు. ఏ కంపెనీ ఎవర్ని తొక్కుతోంది, ఏ పాటలో చరణం ఎందుకు కోసేశారు, ఏ గాయకుడి గొంతుని మెషీన్ దిద్దింది, ఇలాంటి కబుర్లన్నీ అక్కడే. అక్కడొక ఆచారం ఉంది. నలుగురూ వినకముందే ఒక గొంతుని తెచ్చి పెట్టినవాడి పేరు పక్కన చిన్న చెవి బొమ్మ పెడతారు. ఆ గొంతు పెద్దదైనా, పేరు తెచ్చుకున్నా ఆ చెవి మాత్రం వాడిదే. కొంతమందికి ఒక్క చెవి కోసం ఏళ్ళు పట్టింది. మైనం పేరు పక్కన చెవులు బారుగా ఉంటాయి. కొత్తగా చేరినవాళ్ళు వాటిని చూసి నమస్కారం పెట్టి మరీ మాట మొదలుపెడతారు.

వాటిలో ఆఖరి చెవి నర్సమ్మది. ఆస్పత్రిలో నర్సుగా చేస్తూ, ఇంట్లో కూర్చుని ఫోన్‌లో పాడుకునే అమ్మాయి. అసలు పేరు ఎవరూ వాడరు, గుంపంతా నర్సమ్మ అనే అంటుంది. మైనం ఆమె పాట తెచ్చి పెట్టేనాటికి దాన్ని విన్నది ఆమె బంధువులూ, వార్డులో ఆయమ్మా. ఇవాళ తెల్లారుజామున ఒక కంపెనీ ఆమె మొదటి పాట విడుదల చేసింది. పాట కింద ఆమె ఒక మాట రాసింది: 'నన్ను మొదట విన్న మైనంగారికి.'

పొద్దున్నే అతను ఆ మాట చదివి, మళ్ళీ చదివి, వంటింట్లోకి వెళ్ళి భార్యకి చూపించాడు. ఆమె చేతి తడి తుడుచుకుని చదివింది.

"మొదట విన్న మైనంగారికా," అంది. "నేను చెప్పేది ఆఖర్నైనా వింటే నేనూ ఒకటి రాయిస్తాను మీ పేరుమీద."

ఆ మాటకీ నవ్వొచ్చింది అతనికి. ఇవాళ దేనికైనా నవ్వొచ్చేలా ఉంది. బస్సులో నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ తెరిచేదాకా ఆ నవ్వు నిలిచింది.

ముందు పెద్దగొంతు అనేవాడి వీడియో కనపడింది. పాటలమీద అభిప్రాయాలు చెప్పి లక్షలమందిని పోగేసుకున్న మనిషి అతను. తోలు సోఫా, వెనక నీలం లైటు, గోడకి వాయించని గిటారు. నర్సమ్మని 'మనం' కనిపెట్టాం అన్నాడు. ఆ 'మనం' అనేటప్పుడు చెయ్యి గుండెమీద పెట్టుకున్నాడు. పాట మొదలైన కాసేపట్లో నచ్చకపోతే జనం వేలితో తోసేస్తున్నారు కాబట్టి కంపెనీలు చరణాల గొంతు కోస్తున్నాయని, ఈ అమ్మాయి మాత్రం చరణం కోసమే పాడుతోందని చెప్పాడు. మైనం ఒళ్ళు మండింది. ఆ మాట తను గుంపులో రాసింది. కామాతో సహా ఎత్తుకుపోయాడు. అంత సోఫా ఉన్నవాడికి సొంతంగా ఒక మాట ఉండదా? మైనం ముళ్ళమీద నిలబడ్డట్టే ప్రయాణం చేశాడు. దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

వెనక్కి నడుస్తూ గుంపు తెరిస్తే, అక్కడ ఇల్లు తగలబడుతోంది.

చెవిటివాడు అని పేరు పెట్టుకుని ఎవరో కొత్తగా చేరారు. చేరగానే ఒకే ఒక్క మాట రాశారు:

'ఇది కొత్త బాణీ కాదు. ఏనాటిదో క్యాసెట్‌లో విన్నాను, పల్లవి అచ్చం ఇదే. ఇంట్లో కూర్చుని పాడి పంపిన పాట. రెండో చరణానికి ముందు మెట్లమీద ఎవరో దిగుతున్న చెప్పుల చప్పుడు కూడా తియ్యలేదు. దీనికి ఇంత హడావుడా? ఇది విని మురిసిపోయిన తొలిచెవి ఎవరిదో, ఆయన ఒకసారి ఆ చెవి కడిగించుకుంటే మంచిది.'

అంతే. ఆ క్యాసెట్ ఏదో, పాడిందెవరో చెప్పలేదు. ఎవరికీ అక్కర్లేదు కూడా. మాకూ ఎక్కడో విన్నట్టే ఉందని ఒకరన్నారు. ఇంకొకరు ఎక్కడ విన్నారో కూడా చెప్పేశారు, అది ఇంకేదో పాట. కంపెనీవాళ్ళు భయపడ్డారు. సాయంత్రం దాకా చూస్తాం, ఈలోగా తేలకపోతే పాట దించేస్తాం అని నర్సమ్మకి చెప్పారట. ఒకసారి దొంగ అని దించేసిన గొంతుని ఇంకో కంపెనీ గుమ్మం తొక్కనివ్వదని అందరికీ తెలుసు. తొలిచెవి గుంపుని నడిపే పెద్దక్క, సాయంత్రం అందరూ ఫోన్‌లో గొంతులతో కలుసుకుందాం, అక్కడే తేల్చుకుందాం అని చాటింపు వేసింది.

అందుకే మైనం పొంగింది.

"నువ్వు వింటున్నావా ఈ గోల?" అన్నాడు అతను బాబాయితో.

బాబాయి రబ్బరు గిన్నెలో ప్లాస్టర్ కలుపుతున్నాడు. పొడుగు మనిషి, బల్లమీదికి వంగీవంగీ భుజాలు ముందుకి వచ్చేశాయి. కనుబొమ్మలమీద, ముక్కు చివర, చెవి వెంట్రుకలమీద ఎప్పుడూ తెల్లటి పొడి. వరసకి బాబాయి కాదు. ఈ గదిలో చేరిన కొత్తలో అలా పిలిచాడు, అలాగే ఉండిపోయింది. ఇద్దరి మధ్యా ఒకటే ఇయర్‌ఫోన్. కుడిది మైనానికి, ఎడమది బాబాయికి. తీగ బల్ల అడ్డంగా వేలాడుతూ ఉంటుంది. ఒకరు తుమ్మితే రెండోవాళ్ళ చెవి లాగుతుంది. ఆ గదిలోకి వచ్చిన డాక్టర్లు దాన్ని చూసి, మీ ఇద్దరికీ పెళ్ళెప్పుడైంది అని నవ్వేవాళ్ళు.

ఇవాళ బాబాయి ఎడమది పెట్టుకోలేదు. చెవి పోటుగా ఉందన్నాడు.

"వినేదేముంది," అన్నాడు బాబాయి. "జనం కదా, అంటారు."

గిన్నె అంచుకి గరిటె తట్టి, కరెంటుతో వణికే పళ్ళెం మీద కొలత పెట్టి ప్లాస్టర్ పోయడం మొదలుపెట్టాడు. ఆ పళ్ళెం గడగడమంటుంటే ఇక మాట వినపడదు.

మైనం ఫోన్ తీసుకుని మెట్లమీదికి వెళ్ళాడు. అప్పటిదాకా అతను ఆ పాటని కంపెనీ విడుదల చేసిన రూపంలో పూర్తిగా వినలేదు. పొద్దున తన పేరు చూసుకునే హడావుడిలోనే సరిపోయింది. పైగా వినక్కర్లేదని కూడా అనుకున్నాడు. కిందటి నెలలోనే నర్సమ్మ ఇంట్లో పాడిన మొదటి కాపీ అతనికి పంపింది. బాగుందో లేదో మీరు చెప్తేనే కంపెనీకి పంపిస్తానంది. మీకు తప్ప ఎవరికీ పంపలేదు సార్ అని కూడా రాసింది. ఆ వాక్యాన్ని అతను ఫోటో తీసి దాచుకున్నాడు.

రెండు చెవుల్లోనూ పెట్టుకుని, గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. పల్లవి. మొదటి చరణం. తర్వాత వేణువు. రెండో చరణం వచ్చేసింది.

చప్పుడు లేదు.

వెనక్కి జరిపి మళ్ళీ విన్నాడు. లేదు. మొదటి కాపీలో అతనికి బాగా గుర్తు, సరిగ్గా అక్కడే ఎవరో చెప్పులేసుకుని మెట్లు దిగుతారు. టక్, టక్, టక్, కాస్త ఆగి, టక్. ఇందులో అది తీసేశారు. కాదు, పాటే స్టూడియోలో మళ్ళీ పాడించారు.

గుంపులోకి వెళ్ళి చూశాడు. హెడ్‌ఫోన్ మాస్టారు అనే ఆయన అప్పటికే పేద్ద వ్యాసం రాశాడు. లెక్కల మాస్టారు, జీతంలో సగం హెడ్‌ఫోన్లకే పోస్తాడని పేరు. చెప్పుల చప్పుడు తనకి స్పష్టంగా వినిపించిందని, ఎడమవైపు, సన్నగా, తోలు చెప్పులేనని, చవకబారు ఇయర్‌ఫోన్లలో అది రాదని రాశాడు. కింద నలభైమంది దాకా తమకీ వినిపించిందన్నారు. ఒకామె హీల్స్ అంది. ఇంకో రోజైతే మైనం కడుపు పట్టుకుని నవ్వేవాడు.

ఇవాళ నవ్వు రాలేదు. చెవిటివాడెవడో మొదటి కాపీ విన్నాడు. అంటే నర్సమ్మ అది ఇంకొకడికి కూడా పంపింది. ఎవరికి పంపుతుంది? సోఫా ఉన్నవాడికే. లక్షలమంది ఉన్నవాడికే. 'మీకు తప్ప' అని అతనికి రాసిన వేలితోనే పెద్దగొంతుకీ రాసుంటుంది, అక్కడ బహుశా 'సార్'కి బదులు 'అన్నా' అని ఉంటుంది. వాడు పొగడ్త వీడియో ఒకటి తీసి, ముసుగులో తిట్టు ఒకటి రాసి, రెండువైపులా జనాన్ని పోగేసుకుంటున్నాడు. పాట పోతే పోతుందన్న బాధకంటే ఆ రెండో కాపీ గురించిన బాధ ఎక్కువగా ఉంది. అతనికా సంగతి తెలుస్తూనే ఉంది. అయినా అది తగ్గలేదు. మెట్లమీద నిలబడే రాశాడు.

'ఆ మొదటి కాపీ ఇంకెవరికి పంపారమ్మా? నిజం చెప్పండి.'

'నిజం చెప్పండి' అన్నది చెరిపేద్దామనుకున్నాడు. ఈలోపు వెళ్ళిపోయింది.

జవాబు మధ్యాహ్నం దాకా రాలేదు. అతను పెద్దాయన పైచిగురు పూర్తి చేశాడు. ముందుపళ్ళు ఆరూ వరసలో నిలబెట్టి, ఆఖరి దవడపన్ను కాస్త లోపలికి తిప్పాడు. వేడి కత్తితో పంటి చుట్టూ గీత గీస్తుంటే ఆ పైచిగురు పెద్దగొంతు నోరులా కనపడింది. మైనంలో దిగాల్సినదానికన్నా లోతుగా దిగింది కత్తి. మళ్ళీ పూడ్చాడు. ఓనరమ్మ లోపలికి తొంగిచూసి, ఇవాళ మైనం వాసన కింద షాపుదాకా వస్తోందట, కళ్ళద్దాలాయన ఫిర్యాదు చేశాడు, కాలుస్తున్నారా కడుతున్నారా అని అడిగి వెళ్ళింది.

అతను టిఫిన్ డబ్బా మూత తియ్యబోతుంటే ఫోన్ మోగింది. నర్సమ్మ జవాబు.

'మీకొక్కరికే సార్. ఒట్టు. మా ఇంట్లోవాళ్ళకి కూడా పంపలేదు.'

ముందుగా వచ్చింది సంతోషం. గుండెమీదినుంచి బరువు దిగినట్టు, పిచ్చి సంతోషం. పెద్దగొంతుకి లేదు. ఎవరికీ లేదు. తనకొక్కడికే. ఆ సంతోషంలోనే డబ్బా మూత తీసి, ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

రెండో ముద్ద కలుపుతూ ఆగాడు.

తనకొక్కడికే వచ్చింది. కానీ విన్నది తనొక్కడే కాదు.

బల్ల అవతల బాబాయి అన్నం తినడం అయిపోయి, డబ్బా కడిగి బోర్లించి, కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. చెవిమీద తెల్లటి పొడి. ఎడమ చెవి.

నర్సమ్మని తను కనిపెట్టలేదు. ఆ సంగతి మైనానికి ఎప్పుడూ తెలియకపోలేదు. అది ఎక్కడో అడుగున ఉండేది, తీసి చూసుకునే అవసరం రాలేదంతే. ఒక మధ్యాహ్నం బాబాయి తన పాత ఫోన్ పట్టుకుని, ఇది విను అబ్బాయ్ అన్నాడు. అంతకుముందువీ అంతే. పడవల్లో పాడే ముసలాయన, బ్యాండ్ మేళంలో పనిచేసే ఆడపిల్ల, కళ్ళు లేని అన్నదమ్ములు, అందరూ ఆ ఫోన్‌లోంచే బల్ల ఇవతలికి వచ్చారు. మొదట్లో మైనమే అన్నాడు, బాబాయ్, నువ్వే గుంపులో పెట్టు అని. నాకెందుకురా ఆ గొడవ, టైపు చేస్తుంటే తెరంతా ప్లాస్టర్ అవుతోంది, నువ్వే రాయి అన్నాడు బాబాయి. రాశాడు. మొదటిసారి 'మేం విన్నాం' అని రాశాడు. మేం అంటే ఎవరు అని ఎవరో అడిగారు. అది వివరించేదానికన్నా రెండోసారి 'నేను' అని రాయడం తేలిక. మెచ్చుకోళ్ళు వస్తే టీ తాగేటప్పుడు బాబాయికి చదివి వినిపించేవాడు. బాబాయి నవ్వేవాడు. ఆ తర్వాత ఎప్పట్నుంచో చదివి వినిపించడం కూడా మానేశాడు. ఎప్పట్నుంచి? గుర్తు రాలేదు.

పొద్దున వచ్చీరాగానే మాత్రం వినిపించాడు. కాదు, చూపించాడు. నన్ను మొదట విన్న మైనంగారికి. పని కోటు తొడుక్కుంటున్న బాబాయి ఆగి, ఫోన్‌ని కళ్ళకి దూరంగా పట్టుకుని చదివాడు. బాగుంది అన్నాడు. అప్పటికే తను ఆ గోల అంతా చదివి ఉన్నాడు, గుంపు తగలబడుతోందని కూడా చెప్పాడు. ఎవడో చెవిటివాడట బాబాయ్ అన్నాడు. బాబాయి కోటు గుండీలు పెట్టుకోవడంలో మునిగిపోయాడు.

మైనం డబ్బా మూసేశాడు.

"బాబాయ్. పాట విన్నావా?"

"విన్నాగా. ఎప్పుడో."

"ఇవాళ వచ్చింది. కంపెనీది."

"ఒకే పాట రెండుసార్లు ఏం వింటాం," అన్నాడు బాబాయి కిటికీ వైపే చూస్తూ.

"మెట్లమీద చప్పుడు ఇందులో లేదు. మళ్ళీ పాడించారు."

బాబాయి తల కొంచెం వంగింది.

"తీసేశారా?" అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. "అయ్యో. అది బాగుండేది."

మైనానికి లేచి ఆయన భుజం పట్టుకుని తిప్పాలనిపించింది. లేవలేదు.

"ఆ పిల్ల ఏం చేసింది నిన్ను?" అన్నాడు.

"ఏమీ చెయ్యలేదు. మంచిపిల్ల." బాబాయి ఇటు తిరిగాడు. మొహంలో కోపం లేదు, రాత్రంతా పంటినొప్పితో కూర్చున్నవాడి మొహంలా ఉంది. "తెల్లారుజామున ఆ మాట నేనే చదివా. నువ్వు చూపించకముందే. చదివాక ఏదో రాయాలనిపించింది. నీమీదే రాద్దామనుకున్నా. నీమీద ఏం రాయను? మైనంగారి చెవి గొప్పది కాదంటే ఎవరు నమ్ముతారు? అందుకని పాటమీద రాశా. తగిలేది నీకే కదా అనుకున్నా. ఆ పిల్లకి ఇంత తగులుతుందనుకోలేదు."

"క్యాసెట్?"

"లేదు."

"సాయంత్రం అందరూ అడుగుతారు బాబాయ్. కాపీ నా ఒక్కడికే పంపానని ఆ పిల్ల చెప్తుంది. నన్నే అంటారు."

"అంటారు."

"నువ్వే రాశావని చెప్తాను."

బాబాయి నవ్వాడు. మెచ్చుకోళ్ళు చదివి వినిపించినప్పుడు నవ్విన నవ్వే.

"చెప్పు. ఎవరని చెప్తావురా? బల్లకి అవతల ఒకడుంటాడని ఇన్నేళ్ళలో ఎక్కడన్నా రాశావా? లేనివాడు ఎలా రాస్తాడు?"

తర్వాత ఇద్దరూ పనిలో పడ్డారు. పడక తప్పదు, రెండు సెట్లు సాయంత్రానికి వెళ్ళాలి. వణికే పళ్ళెం గడగడలాడింది, స్పిరిట్ దీపం వెలిగింది. నాలుగింటికి టీ వచ్చింది, ఇద్దరూ తాగారు. చూసినవాళ్ళెవరికీ ఆ గదిలో ఏదో జరిగిందని తెలిసేది కాదు. అతనికి మాత్రం చిత్రమైన సంగతి ఒకటి తట్టింది. ఇప్పుడు కూడా బాబాయిమీద కోపంకంటే ఇంకేదో ఎక్కువగా ఉంది. తెల్లారుజామున, నిద్ర మానుకుని, నర్సమ్మ రాసిన మాట తనకంటే ముందు చదివాడు. అందులోనూ ముందే.

పని ముగించే వేళకి కాస్త ముందు బాబాయి ఆఖరి కొలతలో ప్లాస్టర్ పోశాడు. బుడగలు పోయేదాకా పళ్ళెం మీద ఉంచి, తీసి, బల్లమీద తన వైపు పెట్టాడు. గిన్నె కడిగాడు. గరిటె కడిగాడు. రోజూ అంత శుభ్రంగా కడగడు. కోటు విప్పి మేకుకి తగిలించి, మళ్ళీ తీసి, మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ముందుగదిలో ఓనరమ్మతో ఏదో మెల్లగా చెప్పాడు. ఆమె ఒక్కసారే 'ఎందుకూ' అనడం వినపడింది. తర్వాత మెట్లమీద ఆయన అడుగులు. వెళ్ళొస్తానని చెప్పలేదు, రోజూ కూడా చెప్పడు.

ఓనరమ్మ తలుపు దగ్గరికి వచ్చి, చేతులు ఇక సాగట్లేదన్నాడు, రేపట్నుంచి రానన్నాడు, నీకేమన్నా చెప్పాడా అని అడిగింది. అతను లేదన్నాడు. ఆమె నిట్టూర్చి, తాళాలు నువ్వే వెయ్యి అని వెళ్ళిపోయింది.

ఫోన్‌లో పెద్దక్క అందర్నీ పిలిచింది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి చేరారు. దగ్గులు, కుర్చీల చప్పుళ్ళు, ఎవరింట్లోనో కుక్కర్ కూత. పెద్దగొంతు కూడా వచ్చాడు, ముందుగా నేనొక మాట చెప్తానన్నాడు. పెద్దక్క, నీది వీడియోలో చెప్పుకో నాయనా, ఇక్కడ వరస ప్రకారం అంది. తర్వాత నర్సమ్మని మాట్లాడమంది.

ఆమె గొంతు పాటలో కంటే చిన్నగా ఉంది. పాట సొంతంగా కట్టుకున్నానని చెప్పింది. చెప్పుల చప్పుడు ఇప్పుడు వచ్చిన పాటలో లేదని, స్టూడియోలో నేలంతా మందపాటి తివాచీ అని, అక్కడ చెప్పులతో ఎవర్నీ రానివ్వరని చెప్పింది. పెద్దక్క, మాస్టారూ మీకు ఎడమవైపు వినిపించిందన్నారే అని అడిగింది. హెడ్‌ఫోన్ మాస్టారు నెట్‌వర్క్ సరిగ్గా లేదన్నాడు.

"అది ఇంట్లో పాడిన మొదటి కాపీలో ఉంది," అంది నర్సమ్మ. "మా పై వాటా ఆవిడ దిగింది. ఆ కాపీ ఒక్కరికే పంపాను."

"ఎవరికమ్మా?"

ఆమె చెప్పాల్సిన పని లేకపోయింది. తెరమీద మైనం పేరు పక్కన చెవులన్నీ బారుగా మెరుస్తున్నాయి. ఎవరో నిట్టూర్చారు. మైనంగారా, అన్నారెవరో. పెద్దగొంతు, అసూయండీ అన్నాడు, ఈ రంగంలో మనిషిని తినేసేది అదే.

"సార్," అంది నర్సమ్మ. "మొట్టమొదట నా పాట కింద మీరు రాసింది నాకు కంఠతా వచ్చు. 'ఈ అమ్మాయి గొప్పగా పాడలేదు. అలిసిపోయి పాడింది. దాన్ని దాచుకోలేదు, అదే సొగసు.' డ్యూటీకి వెళ్ళేముందు రోజూ చదువుకుంటాను. అది రాసిన మనిషే ఇదీ రాశారంటే నేనేం అనుకోవాలో తెలియట్లేదు."

ఆమె పాట మొదటిసారి విన్న ఆ మధ్యాహ్నం బాబాయి చేతిలో రబ్బరు గిన్నె ఉంది. అలిసిపోయి పాడిందిరా అన్నాడు. తను టైపు చేస్తూ, ఆగు ఆగు, దాచుకోలేదు తర్వాత ఏమన్నావ్ అని అడిగాడు. సొగసు అన్నాడు బాబాయి.

ఇప్పుడొక దారి ఉంది. తప్పు నాదే, క్యాసెట్ మాట అబద్ధం, క్షమించండి అంటే చాలు. పాట నిలుస్తుంది. గుంపు అతన్ని గెంటేస్తుంది. అయినా ఆ చెవులన్నీ అతనివిగానే ఉంటాయి. బుద్ధి వంకర పోయింది గానీ ఏం చెవండీ ఆయనది అనుకుంటారు. రెండో దారి నిజం చెప్పడం, అందులో ఏమీ మిగలదు. అసూయపరుడు అనిపించుకున్నా ఫర్వాలేదు, మొదట విన్నది తనే అయి ఉండాలి అని లోపల ఏదో పట్టుబట్టింది. దాని బలం చూసి అతనికే భయమేసింది.

"మైనం," అంది పెద్దక్క. "అందరం వింటున్నాం. నువ్వేనా?"

"కాదు," అన్నాడు. "నా ఎదురుగా, బల్లకి అవతల ఒకాయన కూర్చుంటాడు. బాబాయి. అచ్చులు పోస్తాడు. ఆ కాపీ నాతోపాటు విన్నాడు. రాసింది ఆయనే. క్యాసెట్ అబద్ధం." ఆగాడు. అక్కడ ఆగిపోవచ్చు. "నర్సమ్మా, నువ్వు కంఠతా పట్టినది కూడా ఆయన మాటే. నిన్ను మొదట విన్నది మా బాబాయి. అందర్నీ మొదట విన్నది ఆయనే."

ఆయన ఉన్నారా సార్ అక్కడ, ఒకసారి ఫోన్ ఇస్తారా అని అడిగింది నర్సమ్మ.

మైనం తలెత్తి చూశాడు. స్టూలు ఖాళీగా ఉంది. బల్లమీద, బాబాయి వైపు, ఎవరిదో కిందిదవడ అచ్చు ఒక్కటే ఉంది. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. అతను చెయ్యి చాచి దానిమీద పెట్టాడు. ఇంకా వెచ్చగానే ఉంది.